అగ్గిపెట్టెలో అమీబా

డెబ్బైల చివర నంద్యాలలో ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేసేవాణ్ణి. రోగుల విరేచనం పరీక్షకు అగ్గిపెట్టెల్లో వచ్చేది. పెట్టె తెరవకముందే, వాసన పట్టి, లోపల ఏ పురుగుందో నేను చెప్పేవాణ్ణని మా వీధిలో ఇప్పటికీ అనుకుంటారు. అలా అనుకునేలా చేసింది నేనే. వాసన పట్టి నేను చెప్పగలిగింది ఒక్కటే, తెరవకపోతే మేలని.

ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే ఒకాయన నెత్తురు విరేచనాలతో వార్డులో చేరాడు. వదిన అన్నంలో మందు కలిపిందని ఆయన అనుమానం. ఆమె తాకింది ఏదీ తినడు. రిపోర్టులో పురుగు కనబడకపోతే ఆమెను పుట్టింటికి పంపేస్తానని ఆమె మొగుడు కూడా తమ్ముడికి మాట ఇచ్చేశాడు.

మూడు రోజులు వరసగా ‘ఏమీ లేదు’ అని రాశాను. మూడో రోజు ఆమె ల్యాబ్‌కు వచ్చింది.

“సరిగ్గా చూసినావా అన్నా?”

“మైక్రోస్కోపు అబద్ధం చెప్పదమ్మా.”

“అది చెప్పదులే. నువ్వెప్పుడు చూస్తాండావ్? మా ఆయన ఆరుకు పెట్టె పెట్టి పోతాండాడు. పదకొండుకు గూడా అది ఆడనే ఉంది. నువ్వు టీ అంగట్లో ఉండావ్.”

దొరికిపోయాను. నెత్తురు విరేచనాలు తెచ్చే అమీబా, విరేచనం వెచ్చగా ఉన్నంతసేపే కదులుతుంది. ఆలస్యమైతే చచ్చి, గుర్తుపట్టడానికి దొరకదు. ఈ సంగతి నాకు బాగా తెలుసు. తెలిసే టీ తాగాను.

మరునాడు నేనే సీసా పట్టుకుని మంచం దగ్గరికి పోయాను.

“ఆమె పంపిందా నిన్ను?” అన్నాడాయన. అయినా సీసా తీసుకున్నాడు.

వెచ్చవెచ్చగా గాజుపలక మీద పెట్టి చూస్తే, నెత్తుటి ఎర్ర కణాలు మింగిన అమీబా మెల్లగా పాకుతోంది. ఆయన్ను నడిపించుకొచ్చి చూపించాను.

“ఏందీ, దీనికి ప్రాణముంది!”

“నీ పేగులు కోస్తాండేది ఇదే.”

“ప్రాణమున్నదే కలిపిందేమో?”

“కంటికి కనబడనిదాన్ని ఆమె యాడ పట్టుకొస్తుందప్పా?”

ఆయన మళ్లీ వంగి మైక్రోస్కోపులో కన్ను పెట్టాడు. రిపోర్టు చూసి వాళ్లన్న, పుట్టింటికి పంపుతానన్న మాట వెనక్కి తీసుకున్నాడు.

ఈ కథ ఎవరికి చెప్పినా ఇక్కడే ఆపి, ఒక ఆడమనిషి కాపురం నిలబెట్టానని మీసం దువ్వుకుంటాను. కానీ తర్వాత ఇంకొకటి జరిగింది. వాళ్లింట్లో అందరికీ పరీక్ష చేయమన్నాడు డాక్టరు. మిగతావాళ్లవి బాగానే ఉన్నాయి. ఆమెదాంట్లో అమీబా సిస్టులు, అంటే గట్టి పొర కట్టుకుని పడుకున్న అమీబాలు, ఉన్నాయి. కదలవు, ఆమెను ఏమీ బాధపెట్టవు. కడుక్కోని చేతుల నుంచి అన్నంలోకి, అందులోంచి ఇంకొకరి కడుపులోకి పోయేవి అవే. మరిది నుంచి ఆమెకు వచ్చాయో, ఆమె నుంచి మరిదికో, గాజుపలక చెప్పదు.

డాక్టరుకు మాత్రం చెప్పాను. ఆయన ఇంటిల్లిపాదికీ మాత్రలు రాశాడు.

“మా వదినకు ఏముందప్పా?” అని రోగి నన్ను పట్టుకున్నాడు.

“ఏమీ లేదు,” అన్నాను, చూపు తిప్పకుండా. ఆ ఒక్క అబద్ధాన్ని మాత్రం గొప్పగా చెప్పుకోలేదు ఎక్కడా.

వాళ్లు ఊరికి పోయే రోజు ఆమెను పక్కకు పిలిచి, వంటకు ముందు చేతులు సబ్బుతో కడుక్కోమన్నాను.

“నాకే ఎందుకు చెప్తాండావ్?”

“అందరికీ చెప్తాండాలేమ్మా.”

అంతకుముందు ఎవరికీ చెప్పి ఎరగను. ఆమె నన్ను ఎగాదిగా చూసి బస్సెక్కింది.