గాలానికీ గాలానికీ మధ్య దూరం

ఆ వేసవిలో శుక్రవారం సాయంత్రం వస్తోందంటే నాకు గుండెల్లో గుబులు. కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో నాతో అపార్ట్‌మెంట్ పంచుకున్న ఇద్దరిలో ఒకడికి పెళ్లయింది, ఇంకొకడు టెక్సస్‌లోని కాపెల్‌లో ఉద్యోగం దొరికి వెళ్లిపోయాడు. ఆఫీసులో బై చెప్పి బయటపడితే మళ్లీ సోమవారం దాకా నోరు తెరిచే అవసరమే ఉండేది కాదు. ఒకసారి సరుకుల కొట్లో అమ్మాయి పేపర్ బ్యాగా, ప్లాస్టిక్ బ్యాగా అని అడిగితే గొంతు పెగల్లేదు. భయమేసింది. ఆ వారమే గాలం కొన్నాను, చేపలు పట్టడానికి లైసెన్స్ తీసుకున్నాను. చేపల మీద ప్రేమతో కాదు, ఏటి దగ్గర మనుషులుంటారని.

మా ఊళ్లో కాలవ గట్టున ఒకడు గాలం వేసుకుని కూర్చుంటే పక్కన నలుగురు చేరతారు. పడ్డాయా, ఎర ఏంటి, అలా కాదు ఇలా లాగు అంటూ ఉచిత సలహాలు. చేప పడినా పడకపోయినా పొద్దు గడిచిపోతుంది. ఇక్కడి కొండ ఏళ్లలో ట్రౌట్ చేపలు పట్టడమూ అంతేననుకున్నాను.

ఆదివారం నాలుగు గంటలు డ్రైవ్ చేసి సియెర్రా కొండల్లోని ఒక ఏటికి చేరేసరికి కనుచూపు మేరలో ఒక్కడే మనిషి. డెబ్బై ఏళ్ల తెల్లాయన, మోకాలి లోతు నీళ్లలో. అంత ఏరు ఖాళీగా ఉంటే నేను తిన్నగా పోయి ఆయన పక్కనే నిలబడ్డాను. ఏమైనా పడ్డాయా అని పలకరించాను. లేదన్నట్టు తలూపి, దారం చుట్టుకుని ఎగువకు నడిచాడు. మంచి చోటు చూపిస్తున్నాడు కాబోలనుకుని వెనకే వెళ్లాను. మళ్లీ కదిలాడు. బుద్ధిమంతుణ్ణి కదా, మళ్లీ వెళ్లాను.

మూడోసారి ఆగాడు. కోపం లేదు. నా మొహంలోకి చూసి, "ఆర్ యూ ఓకే, సన్? డూ యూ నీడ్ హెల్ప్?" అన్నాడు.

శుక్రవారం నుంచి నాతో ఎవరూ మాట్లాడలేదండీ, కాసేపు మీ పక్కన నిలబడనివ్వండి. అంతే చెప్పాల్సింది. ఇంగ్లీషు రాక కాదు, సిగ్గేసింది.

"నో, ఐ యామ్ ఫైన్," అన్నాను.

ట్రౌట్‌కి భయమెక్కువని, మనిషి నీడ పడితే రాళ్ల కిందికి దూరుతుందని, అందుకే ఇక్కడ ఒకరికొకరు బాగా ఎడం వదలడం మర్యాదని ఓపిగ్గా చెప్పాడు. గుడ్ లక్ అని వంపు తిరిగి వెళ్లిపోయాడు. ఆయన వదిలిన చోటే సాయంత్రం దాకా నిలబడ్డాను. ఒక్క చేపా పడలేదు. చల్లటి నీళ్లకి కాళ్లు మొద్దుబారాయి. ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా.

సోమవారం కాఫీ మెషీన్ దగ్గర మా టీమ్‌లోని తెలుగాయన కనిపించాడు. పిల్లల బర్త్‌డే పార్టీలతో వీకెండ్ తీరిక దొరకని మనిషి.

"ఏం బాస్, మొహం అలా కమిలిపోయింది? ఎక్కడికెళ్లావ్?"

"ఫిషింగ్‌కండీ. ట్రౌట్."

"అబ్బో! ఒక్కడివేనా?"

"లేదండీ," అన్నాను. "ఇద్దరం వెళ్లాం."