పెద్ద టర్బో, పెద్ద పుల్లీ

నిన్న న్యూకాసిల్‌లో మా ఫ్లాట్‌లో ఉండే రవి తన పాత కారుకు పెద్ద టర్బో వేయించుకొచ్చాడు. "ఇంజన్ అదే అన్నా, పవర్ చూడు ఇప్పుడు!" అంటూ బానెట్ ఎత్తాడు. కాలిన ఆయిల్ వాసనకు మా చేలోని డీజిల్ ఇంజను గుర్తొచ్చింది. అలాంటివి మీకూ గుర్తుండే ఉంటాయి, హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చేస్తే బెల్టుతో పంపు నడిచేది.

ఆ ఏడు వరి పొట్టమీద ఉండగా వాన మొహం చాటేసింది. పంపు వేగంగా తిరిగి నీళ్లు ఎక్కువ రావాలని నాన్న ఇంజనుకు పెద్ద పుల్లీ వేయించాడు. బోదె నిండా నీళ్లు పారాయి.

"పొగ నల్లగా వస్తోంది, ఆపండి" అంది అమ్మ.

"ఆగవే, ఈ మడి తడవనీ."

మడి సగం తడిసేసరికి ఇంజను బరువు లాగలేక వేడెక్కి పట్టేసింది. అది బాగయ్యేలోపు పైరు ఎండిపోయింది. మేతకని పశువులను నాన్నే చేలోకి తోలాడు.