చివరి డబ్బా దాటేదాకా

ఈ ఉదయం మా గల్లీ చివర బాబా గుడి మైకు ఒకసారి గరగరలాడి, గొంతు సవరించుకున్నట్టు ఆగి, హారతి అందుకుంది. వంటింట్లోంచి మా ఆవిడ "ఇయ్యాల బేస్తారం" అంది. అడగడం కాదు, నాకు చెప్పడం. ఏడాదిగా ప్రతి గురువారం పొద్దున ఆమె ఈ మాట అంటుంది, నేను "అవును" అంటాను. అని, అల్మారాలోంచి ఆమె గద్వాల చీర తీసి మంచం మీద పెడతాను. మా ఇంటికి ఎవరైనా వస్తే ఇదేదో గుడికి వెళ్ళే ఏర్పాటు అనుకుంటారు. కాదు. ఆ "అవును" వెనక నేను చేసిన ఒక పాడుపని ఉంది. చీర ఇస్త్రీ మడతల మీద ఎండ పడుతుంటే చూస్తూ, ఆమె స్నానం చేసి వచ్చేలోపు దాని సంగతి రాసేద్దామని కూర్చున్నాను.

నా బతుకంతా తప్పులు వెతకడంలో గడిచింది. ఇక్కడే చిక్కడపల్లిలో ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాణ్ణి. పెళ్ళి పత్రికలు, కరపత్రాలు, అన్నిటికంటే ఎక్కువగా అశోక్ నగర్ కోచింగ్ సెంటర్లవాళ్ళు వేయించుకునే గైడ్లు. నదుల పొడవులు, రాజుల వరుసలు, రాజ్యాంగంలో అధికరణాలు. ఒక్క అంకె తప్పు పడితే ఊళ్ళ నుంచి వచ్చి హాస్టళ్ళలో ఉండి చదువుకునే పిల్లలు ఎంతమంది మునుగుతారో అని భయపడుతూ దిద్దేవాణ్ణి. ఆ భయం మంచిదే. అది ప్రెస్సు గడప దగ్గర ఆగకపోవడమే చెడ్డది. బజ్జీల బండి మీద బోర్డు దిద్దాను. తద్దినం పెట్టించడానికి వచ్చిన అయ్యగారి సంకల్పం దిద్దాను, ఆయన మళ్ళీ మా ఇంటికి రాలేదు. మా ఆవిడ "మొన్న సోమవారం" అని ఏదో మొదలుపెడితే "మంగళవారం" అనేవాణ్ణి. ఆమె అప్పట్లో టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. ఎక్కడెక్కడి నంబర్లో ఆమెకు నోటికి వచ్చేవి. గొంతు విని మనిషిని పోల్చేది. నేను దిద్దితే వెనక్కి తగ్గేది కాదు. "మీ ఎర్రపెన్ను ప్రెస్సులనే పెట్టి రాండ్రి, ఇంటికి తేకుండ్రి" అని నవ్వేది. చాలాసార్లు సోమవారమే నిజమయ్యేది.

అటువంటి మనిషి ఒకనాడు సెల్‌ఫోను చేతిలో పట్టుకుని, రాంనగర్‌లో ఉండే మా అమ్మాయికి ఎలా ఫోన్ చేయాలో తెలియక నిలబడిపోయింది. తర్వాత వరసగా చిన్నచిన్నవి. ఒకే పప్పులో రెండుసార్లు ఉప్పు. తాళం వేసి వచ్చి, వేయలేదని తగువు. డాక్టరు పరీక్షలన్నీ చేయించి డిమెన్షియా అన్నారు, ఇంకా తొలి దశే అన్నారు, మందులు రాశారు. "నలుగురిలో ఉంచండి, మాటిమాటికీ తప్పులు పట్టకండి" అని కూడా అన్నారట. మొదటి సగం నాకు బాగా గుర్తుంది. రెండో సగం ఆయన అన్నట్టు మా అమ్మాయి చెబితేనే తెలిసింది. నేనేమో దిద్దితే జ్ఞాపకం గట్టిపడుతుందని నమ్మి, గైడు ప్రూఫులు దిద్దినట్టు మా ఆవిడను దిద్దడం మొదలుపెట్టాను. ఒకరోజు ఇంటినిండా చుట్టాలున్నప్పుడు ఆమె మా పెళ్ళిలో వాన పడి పందిరి కూలిన సంగతి చెప్పబోయింది. చెయ్యి ఇలా పైకెత్తి, పందిరి ఎంత ఎత్తుండేదో చూపించింది. "అది మన పెళ్ళి కాదు, మీ చెల్లె పెళ్ళి" అన్నాను. గాలిలోని చెయ్యి దిగిపోయింది. ఆ పూట నుంచి ఆమె నాతో కథలు చెప్పడం మానేసింది. అడిగిన దానికి జవాబు, అంతే.

మా అమ్మాయే ఎవరినో అడిగి అశోక్ నగర్‌లో ఒక చోటు కనుక్కుంది. తల్లిని ఇదే జబ్బుతో పోగొట్టుకున్న ఒక మేడం, ఇలాంటివాళ్ళ కోసం వారానికొకసారి, గురువారం సాయంత్రం, నలుగురినీ కూర్చోబెట్టి మాట్లాడిస్తుంది. మూతపడ్డ ఒక కోచింగ్ సెంటరు గది. బెంచీలు అలాగే ఉన్నాయి. గోడ మీద దేశాలు, రాజధానుల పట్టిక కూడా. కింద ఛాయ్ బండి దగ్గర పిల్లలు ఒకరినొకరు ప్రశ్నలు అడుక్కుంటూ ఉంటే, పైన ఆ బెంచీల మీద ఎవరినీ ఏ ప్రశ్నా అడగని క్లాసు. మొదటిరోజే మేడం మాలాంటి వెంట వచ్చినవాళ్ళ వైపు తిరిగి, "ఈడ ఎవ్వరం ఎవ్వర్ని దిద్దం. తారీకు తప్పయినా, పేరు తప్పయినా, వినుడే" అంది. నావైపే చూసి అన్నదనిపించింది. చొక్కా జేబు తడుముకున్నాను, పెన్ను మానేసి ఎన్నేళ్ళయినా.

అక్కడే ఆయన కలిశాడు. రైల్వేలో గార్డుగా చేసి రిటైరైనవాడు, బర్కత్‌పురలో కొడుకు దగ్గర ఉంటాడు. తెల్ల మీసాలు, ఇస్త్రీ చొక్కా, పెద్ద గొంతు. ఆయనకూ తొలి దశే. మా ఆవిడ రెండో వారానికే ఆయన్ని అన్నా అంది, ఆయన చెల్లే అన్నాడు. అక్కడితో ఆగినా బాగుండేది. "ఏం బావా, మా చెల్లెను నడిపించుకుంట తెచ్చినవా? రైల్వేల చేసినోని చెల్లెను గట్ల నడిపిస్తరా?" అని బెంచీలన్నీ వినేట్టు నన్ను నిలదీశాడు. నాకు సొంత బావమరుదులు ఉన్నారు. వాళ్ళెవరూ నన్ను ఇంత దబాయించలేదు. ఆయనకు ఒక కథ ఉంది, వారం వారం అదే. గూడ్సుబండి నడుస్తూ నడుస్తూ ఉండగా, ఆయన కూర్చున్న చివరి డబ్బా లంకె ఊడి వెనకబడిపోయిందట. "డ్రైవరు పోతనే ఉన్నడు చెల్లే! నేను పచ్చజెండ పట్టుకొని చేన్లల్ల నిలబడ్డ. ఎవలకు చూపియ్యాలె? ఆడ మేస్తున్న బర్లకు చూపిచ్చిన!" మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వేది. ప్రతి వారం, మొదటిసారి విన్నట్టు. తర్వాత ఆమె మా పెళ్ళి వాన సంగతి చెప్పేది. ఆయన "అయ్యో, పప్పన్నంల నీళ్ళు పడ్డయా?" అని అడిగేవాడు. ఆమె పడ్డాయనేది, పందిరి ఎత్తు చూపించేది. గోడవారన ప్లాస్టిక్ కుర్చీలో నేను. ఆ డబ్బా ఊడింది ఒకవారం కాజీపేట దగ్గర, ఒకవారం డోర్నకల్ దగ్గర, ఇంకోవారం వికారాబాద్ దగ్గర. బర్రెల తర్వాత ఆయన ఇంకా ఏదో చెబుతుండేవాడు. ఈ స్టేషన్ల తగువులో పడి నాకది చెవికెక్కేది కాదు.

అసూయ అనే మాటను ప్రూఫుల్లో చాలాసార్లు చూశాను. అది కడుపులో ఎక్కడ ఉంటుందో ఆ కుర్చీలో కూర్చున్నాకే తెలిసింది. పొద్దున నేను చెప్పింది మధ్యాహ్నానికి ఆమె దగ్గర ఉండదు. ఆయన బర్రెలు మాత్రం వారమంతా ఉంటాయి. ఒక సాయంత్రం ఛాయ్ తాగుతూ తనలో తానే నవ్వుకుంది. ఏమిటని అడిగాను. "అన్న మాట యాదికొచ్చింది. మీకు చెప్తే ఏ టేషనని అడుగుతరు" అంది. విసురు లేదు, ఎత్తిపొడుపు లేదు. ఉన్నా బాగుండేది, ఇద్దరం కొట్లాడుకునేవాళ్ళం.

ఆ మర్నాడు గురువారం. ఆమె గద్వాల చీర కట్టుకుని, కుచ్చిళ్ళు సర్దుకుంటూ వచ్చి "పోదమా?" అంది. నేను అద్దాలు తీసి తుడుచుకుంటూ "ఇవాళ బుధవారం" అన్నాను. జీవితమంతా ఇతరుల వారాలు దిద్దినవాణ్ణి, సరిగ్గా ఉన్న వారాన్ని కొట్టేసి తప్పు వారం రాశాను. పేపరు అప్పటికే పరుపు కింద దాచాను. ఆమె నావైపు కాసేపు చూసింది. "గట్లనా" అని, లోపలికి వెళ్ళి చీర మార్చుకుని, మడతపెట్టి అల్మారాలో పెట్టింది. మేడంకు ఫోన్ చేసి, మా ఆవిడకు జ్వరమని చెప్పాను. పై వారం కూడా ఇదే నాటకం. ఈ మధ్యలో నేను సాధించిందేమిటి? ఆమె కిటికీ దగ్గర కూర్చుంది, నేను పక్కన కూర్చున్నాను, ఇద్దరికీ మధ్య టీవీ మోగింది. అన్నం ముందు పెడితే తినేది, పెట్టకపోతే అడిగేది కాదు. మనిషి రోజురోజుకీ లోపలికి ముడుచుకుపోతున్నట్టు కళ్ళకు కనిపిస్తూనే ఉంది. అయినా రెండో గురువారం నేను నోరు విప్పి నిజం చెప్పలేదు.

ఆ సాయంత్రం మేడం ఫోన్ చేసింది. చెవి కొంచెం మందం కాబట్టి నేను ఎప్పుడూ స్పీకరు మీదే మాట్లాడతాను. "సార్, అమ్మకు జరం తగ్గిందా?" అన్న మాట హాలంతా వినబడింది. ఆ వెంటనే, "పెద్దాయన మీ ఇంటికేమన్న వచ్చిండా? చెల్లెకు జరమట, చూసొస్త అని ఒకటే అన్నడు. ఛాయ్ పోస్తుంటే ఎప్పుడు దిగిండో దిగిండు. ఫోను ఈడనే మరిచిండు. పరేషాన్ అయితున్నం సార్!" కిటికీ దగ్గర మా ఆవిడ లేచి నిలబడింది. నేను ఆమె మొహం చూడలేదు. బయట వాన పడేట్టు ఉంది, ఆఫీసుల నుంచి ఇళ్ళకు వెళ్ళే జనంతో మెయిన్ రోడ్డు పోటెత్తే సమయం. దారి గుర్తుండని మనిషి, నా అబద్ధాన్ని నమ్మి, ఆ రోడ్డు మీద ఎక్కడో ఉన్నాడు.

ఇద్దరం దిగి గల్లీ మొదలు దాకా వచ్చాం. మార్కెట్టు వైపు వెళ్దామన్నాను. ఆమె నా చెయ్యి పట్టి ఆపింది. "మెట్రో లైను ఎంబడి పోదం. ఆడనే ఉంటడు." ఎందుకన్నాను. "డబ్బా ఊడిన నాటి సంది, ఏ బండి కనబడ్డా చివరి డబ్బా దాటేదాక నా కాలు కదలది అన్నడు గద అన్న. మీరు ఇనలేదా?" ఆమె ఎన్నిసార్లు విందో నేనూ అన్నిసార్లు విన్నాను. బర్రెల తర్వాత ఆయన చెప్పేది అదే. నాకు స్టేషన్లు మిగిలాయి, ఆమెకు మనిషి మిగిలాడు.

మెట్రో స్తంభాల వెంట నారాయణగూడ వైపు నడిచాం. చౌరస్తా ఇంకా కొంచెం దూరం ఉందనగా, మూసిన షట్టరు ముందు పేవ్‌మెంటు మీద తల పైకెత్తి నిలబడి ఉన్నాడు. చేతిలో బత్తాయిల సంచి. పైన బండి వెళ్తోంది. అది దాటేదాకా మావైపు చూడలేదు. ఆ తర్వాత, "ఏం బావా, ఇవేం బండ్లు! ఒకదానెంక ఒకటి. గార్డు డబ్బనే లేదు, ఏది చివరిదో ఎట్ల తెల్వాలె? కాళ్ళు గుంజుతున్నయి!" అన్నాడు. మా ఆవిడను చూసి గొంతు తగ్గించాడు. "చెల్లే, జరమట గద. బావ చెప్పిండట."

నేను నోరు తెరిచేలోపే ఆమె సంచి అందుకుంది. "తగ్గింది అన్నా."

"ఎప్పుడు తగ్గింది?"

"ఇప్పుడే."

ఫోన్ చేస్తే మేడం ఆటోలో వచ్చి ఆయన్ని ఎక్కించుకుని వెళ్ళింది. మేమిద్దరం మరో ఆటో ఎక్కాం. చినుకులు మొదలై ఆటోవాడు పరదా దించాడు. "నీకు అబద్ధం చెప్పిన" అన్నాను. ఆమె మాట్లాడే యాసలోనే వచ్చింది. ఆమె బత్తాయి ఒకటి తీసి వాసన చూస్తోంది. "తెలుసు" అంది. "పొద్దుగాల గుళ్ళె హారతి ఇనబడె గద. పోయిన బేస్తారం గూడ ఇనబడ్డది." పేపరు దాచాను, అద్దాలు తుడిచాను, ముప్పైయేళ్ళుగా గురువారం గురువారం మా గల్లీ అంతా మోగే మైకును మాత్రం మరిచాను. మరి ఆ రోజే ఎందుకు అనలేదని అడిగాను. ఆమె నావైపు తిరిగింది. "అంటే మిమ్మల్ని దిద్దినట్టయితది. మేడం దిద్దొద్దన్నది గద."

ఆ తర్వాత నేను గోడవారన కుర్చీ వదిలి బెంచీ మీద కూర్చుంటున్నాను. అసూయ పూర్తిగా పోయిందంటే అది ఇంకో అబద్ధం అవుతుంది. ఆయన మాటకు ఆమె నవ్వినట్టు నా మాటకు నవ్వదు, ఆ సంగతి ప్రతి వారం ఒకసారి కలుక్కుమంటుంది. కానీ పోయిన వారం ఆ డబ్బా మహబూబాబాద్ దగ్గర ఊడితే, "బర్లు ఏం జేసినయి బావా?" అని అడిగింది నేనే. మా పెళ్ళి పందిరి ఇప్పుడు ప్రతి గురువారం కూలుతోంది. వానకు నేను కూడా తడుస్తున్నాను.

స్నానాల గదిలో నీళ్ళ చప్పుడు ఆగింది. ఆమె వచ్చి చీర చూసుకుంటుంది. హారతి ఎప్పుడో అయిపోయింది, మైకు ఊరుకుంది. ముందు ముందు ఒక గురువారం అది మోగినా ఆమె ఏమీ అనకపోవచ్చు. ఆ రోజు ఏ వారమో నేనే చెప్పాలి. నిజమే చెబుతాను.