చిల్లులు చూసి సర్దాను

ఎనభైల మొదట్లో బొంబాయి కామాఠిపురాలో, వరస గదుల మా చాల్‌లో, ఎదురు గదిలో ఉండే శారద కంప్యూటర్ ప్రోగ్రామర్. తన ఆఫీసులోనే నన్ను ఊడ్చే పనికి పెట్టించింది. నలభై దాటినా అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు.

ఒక మధ్యాహ్నం నా చీపురు తగిలి శారద బల్ల మీది అట్టల పెట్టె బోర్లా పడింది. ప్రోగ్రామంతా ఆ చిల్లుల అట్టల్లోనే ఉంటుందని నాకేం తెలుసు? చిరిగిన బట్టలు సర్దినట్టు, చిల్లులు తక్కువున్నవి పైన, ఎక్కువున్నవి కింద పేర్చి మురిసిపోయాను.

శారద వచ్చి తల పట్టుకుంది. "అత్తా, గిట్ల ఎవలు పెట్టిండ్రు?"

"నేనే బిడ్డా! ఎంత సాఫ్‌గ పెట్టిన చూడు."

"వరుస తప్పితే మిషన్ తీసుకోదు! మూడింటికి మిషన్ కాడ నా వంతు. ఇయ్యాల నడవకుంటే నా నౌకరీ పోతది. అట్టల మీద నంబర్లున్నయ్, చూసి పెట్టు, జల్దీ!"

"నాకు నంబర్లు రావు బిడ్డా."

శారద కట్ట అంచున తాను ముందే ఏటవాలుగా గీసుకున్న, ఇప్పుడు చుక్కలుగా చెదిరిన ఎర్ర గీత చూపించింది. "ముగ్గు ఏస్తవ్ గద? ఈ గీత కలిసేటట్టు పెట్టు."

ఇద్దరం నేల మీద కూర్చుని గీత కలిపాం. మూడింటికి ప్రోగ్రాం నడిచింది.

తెలియని పనిని అంత శుభ్రంగా చేయకూడదని ఆ రోజే తెలిసింది. ఆ నెలలోనే మా చాల్‌లో పెద్దల బడికి వెళ్లాను. పంతులమ్మ 'అ' దిద్దించబోతే, "గా అచ్చరం తర్వాత అమ్మా, ముందుగాల నంబర్లు చెప్పుండ్రి" అన్నాను.