మందారం మీద పెద్ద పిండినల్లి

నరసరావుపేటలో మాది పురుగుమందుల కొట్టు. ముప్పై ఏళ్లుగా మావారు పురుగుల్ని చంపే మందులు అమ్ముతుంటే, యాభై రెండో ఏట నేను ఆ పురుగులకే ఫొటోలు తీయడం మొదలుపెట్టాను. ఒకే ఇంట్లో రెండు పార్టీలు ఉండటం పల్నాడులో కొత్తేమీ కాదు.

ఫోన్ కెమెరాకు క్లిప్పులా తగిలించే చిన్న లెన్స్ ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. అది రాగానే ముందు తులసి కంకి మీద పెట్టి చూశాను. రోజూ నీళ్లు పోసే తులసికి అంత ముద్దొచ్చే ఊదారంగు పూలున్నాయని, ఒక్కో పువ్వులోంచి నాలుగు కేసరాలు పుప్పొడి పూసుకుని బయటికి తొంగి చూస్తాయని అప్పుడే తెలిసింది. ఇన్నేళ్లూ ఈ పెరట్లో ఏం చూస్తూ తిరిగానా అని నా మీద నాకే కోపమొచ్చింది. ఇక ఆ రోజు నుంచి నన్ను పట్టుకునేవాళ్లు లేరు.

ఈ లెన్స్‌తో పని అంత సులువు కాదు. పురుగుకు రెండు వేళ్ల దూరంలో ఫోన్ ఉండాలి. వెంట్రుకవాసి అటూ ఇటూ అయినా బొమ్మ మసకబారుతుంది. గాలి వీచినా పోతుంది, నేను ఊపిరి వదిలినా పోతుంది. అందుకే పొద్దున్నే గాలి లేవకముందే పెరట్లోకి వెళ్లి, బోర్లించిన బకెట్ మీద మోచేతులు ఆనించి, వెలుగు కోసం స్టీలు గిన్నె మూతను పక్కన నిలబెట్టి, గొంతుక్కూర్చునేదాన్ని. యాభై తీస్తే ఒకటి కుదిరేది. ఆ ఒక్కటి కుదిరిన రోజు స్టవ్ మీద పాలు పొంగిపోయినా నాకు పట్టేది కాదు.

ఒకసారి పక్కింటి అక్క గోడ మీదుగా చూసి, "ఏంది చెల్లే, దుద్దు పడిపోయిందా? నేను గూడా రానా ఎతకటానికి?" అంది.

"చీమ మొహం కడుక్కుంటంది అక్కా. దాన్ని చూస్తన్నా."

ఆ తర్వాత రెండు రోజులు ఆవిడ నాతో చాలా మెల్లగా, జాగ్రత్తగా మాట్లాడింది.

ఇలా ఉండగా మా అత్తయ్య ముద్దమందారానికి పిండినల్లి పట్టింది. ఎనభై దాటిన అత్తయ్య ఆ చెట్టు పూలు ఐదు దేవుడికి పెట్టందే కాఫీ ముట్టదు. అలాంటిది కొమ్మల చివర్లన్నీ తెల్లగా దూది అంటించినట్టయ్యాయి. మొగ్గలు విచ్చకుండానే రాలిపోతున్నాయి. ఆ దూదిలో మామూలు నల్లికి రెండింతలున్నవి కొన్ని కనిపించాయి. వాటి ఒంటి నిండా తెల్లటి మైనపు కుచ్చులు వేలాడుతున్నాయి. నాకవి ఎంత నచ్చాయో చెప్పలేను.

మావారు కళ్లజోడు పెట్టుకుని వచ్చి చూశారు. "పెద్దయ్యి ఉన్నాయే, అయ్యే తల్లులు. ముందు అయ్యి చావాలి. ఇయ్యాలే మందు కొడతా" అన్నారు.

ఆ రోజు గురువారం. ఆ కుచ్చుల పురుగు మొహం నాకింకా ఒక్కసారి కూడా దొరకలేదు. నిజం చెప్పాలంటే దాని మీద జాలీ కాదు, దాని గురించి జ్ఞానమూ కాదు, ఉత్త ఫొటో ఆశ. ఆదివారం దాకా ఆగమని బతిమాలాను. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నట్టు, ఇంట్లో నా మాటకున్న విలువ అంతంతమాత్రమే. అయినా పట్టు విడవలేదు.

"మొక్క చస్తే దేవుడికి నీ ఫొటోలు పెట్టనా ఏందే?" అంది అత్తయ్య.

మొక్క చస్తే లెన్స్ బీరువాలో పెట్టేసి మళ్లీ ముట్టుకోనని మాటిచ్చాను. ఇచ్చాక భయం పట్టుకుంది. శుక్రవారమంతా గాలి. శనివారం ఆ కుచ్చుల పురుగు ఆకు వెనక్కి వెళ్లి కదల్లేదు. మొగ్గలు మాత్రం ఇంకో నాలుగు రాలాయి. అత్తయ్య వాటిని ఏరి, నా బకెట్ మీద పెట్టి వెళ్లింది.

ఆదివారం పొద్దున మావారు స్ప్రే పంపులో నీళ్లు పోస్తున్నారు. మందు సీసా మూత ఇంకా తీయలేదు. గాలి పూర్తిగా పడిపోయింది. కుచ్చుల పురుగు కొమ్మ మీదికొచ్చింది. ఊపిరి బిగపట్టి వీడియో నొక్కాను. తెల్లటి కుచ్చుల కింద నుంచి చిన్న తల బయటికొచ్చింది. అది పక్కనున్న పిండినల్లిని పట్టుకుంది. చూస్తుండగానే నల్లి ఒళ్లు సొట్టపోయి, ఖాళీ తోలు మిగిలింది.

"ఏమండీ, ఆ పంపు అక్కడ పెట్టి ఇట్టా రండి."

ముగ్గురం ఫోన్ మీదికి వంగాం. వీడియో రెండుసార్లు చూశాం.

"తల్లి పిల్లను తింటదారా?" అంది అత్తయ్య.

మావారు వీడియో ఆపి, బొమ్మను వేళ్లతో పెద్దది చేసి చూశారు. "తల్లి గాదమ్మా. అక్షింతల పురుగు పిల్ల ఇది. నల్లిని తిని బతికేది. ఎప్పుడో డీలర్ల మీటింగులో బొమ్మ చూశా. నల్లి ఏషం ఏసుకుని నల్లి మధ్యలోనే ఉంటదని చెప్పారు గానీ, కళ్లతో చూడలా" అన్నారు. నా బకెట్ మీద కూలబడ్డారు. "ఎంతమందికి చెప్పానో. పెద్దయ్యే తల్లులు, ముందు వాటిని చంపమని."

నేను గెలిచాను. ఎగిరి గంతెయ్యాలనిపించింది. కానీ ఆ మొహం చూశాక ఆయన పక్కనే నేల మీద కూర్చుండిపోయాను. కాసేపటికి ఆయన లేచి, పంపులోని మంచినీళ్లు మందారం మొదట్లో పోశారు.

పదిహేను రోజులకు దూది పలచబడింది. కొత్త మొగ్గలు నిలిచాయి. కుచ్చులు వదిలేసి పెద్దదైన అక్షింతల పురుగొకటి, తల దగ్గర ఎర్రగా, మిగతా ఒళ్లు నల్లగా నున్నగా, బుల్లిగా ఆకు మీద తిరుగుతుంటే దానికి నూటపది ఫొటోలు తీశాను. పూలు కోసేముందు అత్తయ్య ఇప్పుడు ఆకు తిప్పి చూస్తోంది.

మొన్న పొద్దున లెన్స్ కనిపించలేదు. పెరడంతా వెతికాను. "ఈసారి నిజంగానే దుద్దు పోయిందా?" అంది పక్కింటి అక్క. మధ్యాహ్నం క్యారేజీ తీసుకుని కొట్టుకు వెళ్లాను. ముప్పాళ్ళ నుంచి వచ్చిన రైతు ఒకాయన తువ్వాలు మూట విప్పి, పురుగు పట్టిన కొమ్మను కౌంటర్ మీద పెట్టాడు. మా కొట్లో పద్ధతి అది: కొమ్మ చూపిస్తే మందు పేరు చెప్పాలి, అదీ మనిషి కూర్చునేలోపే. మావారు పేరు చెప్పలేదు. ఫోన్ తీసి ఆకు మీదికి వంగారు. ఫోన్‌కు నా లెన్స్ ఉంది. ఊపిరి కూడా బిగపట్టారు.

"నాలుగు రోజులు ఆగు పెద్దాయనా. మందొద్దు" అన్నారు.

రైతు అనుమానంగా చూశాడు. "ఏంది, స్టాకు లేదా?"

"స్టాకుంది. అయినా ఆగు. కూర్చో, నీకొకటి చూపిస్తా."

నేను క్యారేజీ అక్కడ పెట్టి, లెన్స్ అడగకుండానే ఇంటికొచ్చేశాను.