తల్లి వేషంలోంచి కనిపించిన జనం

నాటకం చూసేవాళ్లకు మాటలిష్టమా, పాటలిష్టమా అన్న విషయం మీద మాట్లాడే అర్హత నాకున్నంతగా ఇంకొకరికి లేదని నా నమ్మకం. సమ్మె రోజుల్లో నేను వేసిన వేషానికి ఒక్క మాట లేదు, ఒక్క పాటా లేదు. తెలంగాణ తల్లిగా స్టేజీ మధ్యలో సంకెళ్లతో నిలబడటమే నా పని. మిగతావాళ్లంతా నటిస్తుంటే నేను జనాన్ని చూస్తూ ఉండేదాన్ని.

అప్పుడు నేను లింగాల ఘనపూర్‌లో లెక్కల టీచర్ని. రాష్ట్రం కోసం ఉద్యోగులంతా సమ్మెలో దిగారు. బడులు మూతపడ్డాయి. పొద్దున్నే వంట ముగించుకుని జనగామ వెళ్లి దీక్షా శిబిరంలో కూర్చోవడం, నినాదాలు ఇవ్వడం, సాయంత్రం ఇంటికి రావడం. కొన్నాళ్లకు నినాదాలు కూడా హాజరు పలికినట్టే పలకసాగాం.

అలాంటప్పుడు మా బడి సోషల్ సారుకు నాటకం పూనింది. అందరం ఆయన్ను పెద్దసారు అనేవాళ్లం. వయసులో ఉండగా నాటక పరిషత్తు పోటీలకు కోస్తా ఊళ్లదాకా వెళ్లి షీల్డులు తెచ్చిన మనిషి. ఆయన ఇంట్లో ఆ షీల్డులు దేవుడి పటాల కంటే పై వరుసలో ఉండేవి.

"ఊకె డప్పు గొట్టి ఎగురుడేనా? ఉద్యమానికి ఆలోచన గావాలె. ఆలోచన నాటకంల ఉంటది," అన్నాడు ఆయన.

నాటకం రాశాడు. అందులో నదీజలాలున్నాయి, ఉద్యోగాల వాటాలున్నాయి, బడ్జెట్టు ఉంది. కథ ఒక్కటే లేదు. హీరో మా డ్రిల్లు సారు. పుట్టి పెరిగింది జనగామ పక్కనే అయినా స్టేజీ ఎక్కగానే "మాతృమూర్తీ! నీ కన్నీటికి కారకులెవ్వరు?" అని రేడియో వార్తలు చదివినట్టు అడగాలి. మన యాసలో మాట్లాడే పాత్ర ఒకే ఒక్కటి, హీరో ఇంటి పనివాడు. అది హిందీ సారుకు ఇచ్చారు. ఆ పనివాడి పని జనాన్ని నవ్వించడం. సినిమాలవాళ్లు ఇన్నేళ్లుగా మనకు చేస్తున్న సేవను మనమే చేసుకోబోతున్నామని నాకు అనుమానం వచ్చింది.

"సార్, హీరో గూడ మన లెక్కనే మాట్లాడితే ఏమైతది?" అని అడిగాను.

పెద్దసారు నన్ను జాలిగా చూశాడు. "చూడమ్మా, నాటకానికొక గౌరవముంటది. మనం మాట్లాడినట్టు మాట్లాడితె అది నాటకమెట్లయితది?"

ఇక హార్మోనియం. అది వాయించేది జనగామ బజారులో బట్టలు కుట్టే ఒక పెద్దాయన. మాస్టర్ అనేవాళ్లం. ఒకప్పుడు చుట్టుపక్కల పల్లెల్లో పౌరాణిక నాటకం ఏది ఆడినా కృష్ణుడికీ అర్జునుడికీ ఆయనే శ్రుతి ఇచ్చాడట. పద్యాలు పోయిన రోజే నాటకం చచ్చిపోయిందని, ఆ శవాన్ని పెద్దసారు అనవసరంగా మోస్తున్నాడని ఆయన అభిప్రాయం. అయినా ఇద్దరూ ఏళ్లనాటి దోస్తులు. ఒక్క పాటా లేని నాటకానికి మాస్టర్ హార్మోనియం పట్టుకుని వచ్చింది ఆ దోస్తానా కోసమే.

సంకెళ్లు తెచ్చింది కూడా మాస్టరే. అట్టముక్కలతో చేసి రంగు పూస్తారనుకున్నాను. ఎద్దులను కట్టేసే ఇనుప గొలుసులు తెచ్చి, నా మణికట్లకు చుట్టి, తాళం వేశాడు. "అసలు మాల్ అమ్మా, నకిలీ కాదు," అన్నాడు గర్వంగా.

మొదటి ఆట జనగామ దీక్షా టెంటు ముందే. నా ఎదురుగా కూరగాయలమ్మే అవ్వ ఒకామె కూర్చుంది. హీరో నదీజలాల గురించి చెబుతున్నంతసేపూ ఆమె చిక్కుడుకాయల ఈనెలు తీస్తూనే ఉంది. పనివాడు వచ్చి "ఏంది దొరా, గిట్ల జేస్తివి?" అనగానే తలెత్తి నవ్వింది. హీరో మళ్లీ నోరు తెరిచాడు. ఆమె మళ్లీ చిక్కుడుకాయల్లో పడింది. ఆమె వెనకున్న జనంలో సగం మంది ఆమె చేతుల్నే చూస్తున్నారు. వాళ్లకక్కడ కాస్త కదలిక కనిపించింది మరి.

తెర పడ్డాక ఆ అవ్వ నా దగ్గరికొచ్చింది.

"బిడ్డా, పాటలెప్పుడు షురువైతయి?"

"అయిపోయింది అవ్వా."

"అయిపోయిందా? షురువే కాలేదు గద!"

పెద్దసారు మాత్రం చాలా సంతోషంగా ఉన్నాడు. "చూసిన్రా? ఒక్కలు చప్పట్లు కొట్టలే. అందరు ఆలోచనల పడ్డరు!"

తర్వాత మానుకోట నుంచి పిలుపు వచ్చింది. మహబూబాబాద్ అని బోర్డుల మీద రాస్తారు గాని మాకది మానుకోటే. అక్కడి టీచర్లు ఫోన్లో మర్యాదగానే షరతు పెట్టారు. పాటలుంటేనే రమ్మన్నారు. పెద్దసారు రెండు పూటలు అన్నం సరిగా తినలేదని వాళ్లింట్లో చెప్పారు. చివరికి ఒక్క పాటకు ఒప్పుకున్నాడు. ఆ ఒక్క పాట సందులోంచి మాస్టర్ పెట్టే బేడా సర్దుకుని నాటకంలోకి దిగాడు. హీరో ఏడ్చే చోట ఒక పాట, తిట్టే చోట ఒక పాట. నదీజలాలకు పల్లవి పుట్టింది. ఉద్యోగాల వాటాలకు కోరస్ పుట్టింది. వాక్యాలు మరిచిపోయే అవకాశం దొరికినందుకు డ్రిల్లు సారు లోలోపల పండగ చేసుకున్నాడు.

మానుకోటలో స్టేషన్ రోడ్డు మీద స్టేజీ వేశారు. మొదటి పాట సగంలో ఉండగానే జనం లేచి నిలబడ్డారు. రెండో పాటకు డప్పులతో కుర్రాళ్లు స్టేజీ ఎక్కారు. మూడో పాట ఎవరు పాడారో నాకు తెలియదు. హీరో ఎక్కడికి పోయాడో కూడా తెలియదు. బందోబస్తుకు వచ్చిన పోలీసాయన బూటు కాలితో తాళం వేయడం మాత్రం స్పష్టంగా చూశాను. ఎగిరేవాళ్లు నా కాళ్లు తొక్కారు. చేతులకు సంకెళ్లు ఉండబట్టి ఎవరినీ నెట్టలేకపోయాను. నాటకం రెండో రంగం దాటలేదు. దాటలేదన్న సంగతి ఎవరూ గమనించలేదు.

మాస్టర్ ముఖం వెలిగిపోతోంది. "చూస్తివా సార్, పబ్లిక్!"

టెంటు వెనక కుర్చీలో కూర్చున్న పెద్దసారు తలెత్తలేదు. "పబ్లిక్ వచ్చింది మాస్టర్. నాటకమేది?" అన్నాడు మెల్లగా. ఆ క్షణంలో నాకు ఆయన మీద నిజంగానే జాలి కలిగింది.

భూపాలపల్లికి బయల్దేరేనాటికి మా నాటకంలో మాటలన్నవే మిగల్లేదు. బస్సులు కూడా సమ్మెలోనే ఉన్నాయి కాబట్టి వ్యానులో వెళ్లాం. చెల్పూర్ కరెంటు ప్లాంటు పొగగొట్టాలు కనిపించేదాకా పెద్దసారు కిటికీ వైపే తిరిగి కూర్చున్నాడు. మాస్టర్ దారి పొడవునా రాగం తీస్తూనే ఉన్నాడు.

శిబిరం నిండా బొగ్గుబాయి కార్మికులు, వాళ్ల ఇళ్లవాళ్లు. వాళ్ల పెద్దమనిషి ఎదురొచ్చి చేతులు జోడించాడు.

"సార్, దినాం ధూంధాంలే, ఆటపాటలే అయితున్నయి. చెవులు గుయ్యిమంటున్నయి. మీది నాటకమని చెప్పిన్రు. కూసొని నాలుగు మాటలిందామని ఆడోళ్లు గూడ వచ్చిన్రు. పాటలొద్దు సార్."

పెద్దసారుకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది. మాస్టర్ ప్రాణం అదే దారిన పోయింది. డ్రిల్లు సారుకు మాత్రం ఒక్క వాక్యం గుర్తులేదు. మాస్టర్ తిన్నగా స్టేజీ ఎక్కి, అప్పటికే సంకెళ్లతో నిలబడి ఉన్న నా పక్కనే హార్మోనియం పెట్టుకుని బైఠాయించాడు. ఆయన్ను దింపడానికి పెద్దసారు కూడా ఎక్కాడు. ఇద్దరి గొంతులూ పెరిగాయి. అంతా సిద్ధమైందనుకుని ఎవరో తెర గుంజారు. మైకు ఆన్‌లోనే ఉంది.

"లేవు మాస్టర్. జనం మాటలడుగుతున్నరు."

"మానుకోటల పాటలడిగిన్రు గద! అప్పుడు జనం కాదా వాళ్లు?"

"నీ పెట్టె జొరబడ్డంక నాటకం ఖరాబైంది."

"నీ నాటకంల ఏమున్నది సార్ ఖరాబ్ కానీకి? నీ హీరో మాట్లాడితె మా ఇంట్ల పిల్లలు పరేషాన్ అయితున్నరు, ఏ దేశపోడని!"

"నా భాషకేమైంది?"

"ఏం గాలే. గిప్పుడు మాట్లాడుతున్నవు గద, గట్ల రాయి మరి!"

తెర లేచిందని వాళ్లిద్దరికీ తెలియదు. నాకు తెలుసు. ఎదురుగా జనం గడ్డం కింద చేతులు పెట్టుకుని వింటున్నారు. ఒకామె పక్కామె మోచేతిని పొడిచి పెద్దసారును చూపించింది. ఇద్దరూ కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. ఏడుస్తున్న పిల్లవాణ్ని ఒకాయన తనే బయటికి తీసుకుపోయి, తలుపు సందులోంచి చూసినట్టు టెంటు కర్ర పక్కనుంచి చూస్తున్నాడు. అన్ని ఆటల్లోనూ జనం అట్లా వినడం నేను చూసింది అప్పుడే.

ఈలోగా గొలుసు ఒరుసుకుని నా మణికట్టుకు మంట పుట్టింది. ఇక ఆగలేక గట్టిగా అరిచాను. "ఇద్దరు ఆపుండ్రి! ఎవరన్న నా సంకెళ్లిప్పుండ్రి, చేతులు గుంజుతున్నయి!"

టెంటు లేచిపోయేలా చప్పట్లు. జై తెలంగాణ అని అరుపులు. పెద్దమనిషి కళ్లు తుడుచుకున్నాడు. మాస్టర్ జేబులు తడుముకున్నాడు. తాళంచెవి జనగామలో కుట్టుమిషను మీదే ఉండిపోయింది. అది చూసి ఒక కార్మికుడు సుత్తె పట్టుకుని స్టేజీ ఎక్కి, నా చేతులు బల్ల మీద పెట్టించి, ఒక్క దెబ్బకు తాళం పగలగొట్టాడు. ఆ తర్వాత ఏం నాటకం ఆడినా దండగే కాబట్టి తెర దించేశారు.

నిరసనగా రోడ్డు మీదే వండిన వంకాయ కూర, అన్నం విస్తళ్లలో వడ్డిస్తూ పెద్దమనిషి అడిగాడు. "గా కొట్లాట రాసిందెవరు సార్?"

పెద్దసారు తడుముకోలేదు. "నేనే."

"సంగీతం నాది," అన్నాడు మాస్టర్.

నీళ్లు పోస్తున్న ఒకామె మమ్మల్ని మనస్ఫూర్తిగా మెచ్చుకుంది. "మస్తున్నది సార్ నాటకం. కని నడుమ రెండు పాటలుంటే ఇంకింత మంచిగుండు."

ఆ వారమే పెద్దసారు ఆ కొట్లాటను నాటకంలో చేర్చి అందరికీ కాయితాలు పంచాడు. నా వంతుకు ఎట్టకేలకు ఒక మాట దక్కింది. "ఓ పుత్రులారా! కలహము చాలించి నా శృంఖలములను ఛేదింపుడు!" పప్పుకు తాలింపు పెడుతూ దాన్ని బట్టీ పట్టాను. అంతలో సమ్మె ముగిసింది. బడులు తెరిచారు. పోయిన పాఠాల కోసం ఆదివారాలు కూడా లెక్కలు చెప్పాను. నాటకం మళ్లీ ఆడలేదు.

రాష్ట్రం వచ్చిన రోజు జనగామ చౌరస్తాలో మమ్మల్ని నాటకానికీ పిలవలేదు, పాటకూ పిలవలేదు. లారీ మీద డీజే పెట్టారు. అందులో మాటలు ఒక్కటీ అర్థం కాలేదు. జనం మాత్రం చెమటలు కారేలా ఎగురుతున్నారు. పెద్దసారూ మాస్టరూ చాయ్ హోటల్ ముందు పక్కపక్కన నిలబడి చెవుల్లో వేళ్లు పెట్టుకున్నారు. పెద్దసారు నాకేదో చెప్పాడు.

"ఏమంటున్నరు సార్?"

మళ్లీ చెప్పాడు. పెదవులు కదలడం తప్ప ఏమీ వినబడలేదు. రంగు పూసుకున్న మా బడి ఆడపిల్లలు వచ్చి నా చేయి పట్టి గుంజారు. వెళ్లి నేనూ ఎగిరాను.