చెత్తబండి వెనక సైన్సు పరీక్ష

తొమ్మిదో తరగతి మొత్తానికీ కాలుష్యం పాఠంలో పదికి పది వచ్చేసరికి సైన్సు టీచరుకి సంతోషం వేయలేదు, ఒళ్ళు మండింది. అందరూ గైడులో ఉన్నది కామాలతో సహా దించేశారు. ఒకడు "పటం చూడుము" అని రాసి పటం వేయడం మరిచిపోయాడు.

ఆవిడ మొదట్నుంచీ అంతే. ఉద్యోగంలో చేరిన వారానికే, స్టాఫ్‌రూములో కూజా నీళ్ళు ఎప్పుడు మార్చారని అడిగి సగంమందికి కంట్లో నలుసైంది.

మర్నాడు గైడులో లేని ప్రశ్న వేసింది. "మనం పారేసిన ప్లాస్టిక్ సంచి ఎక్కడికి పోతుంది?"

"చెత్తబండిలోకి టీచర్," అంది ఫస్టు ర్యాంకు పిల్ల.

"మరి బండి?"

"వెళ్ళిపోతుంది టీచర్."

"ఎక్కడికి?"

ఆ పిల్ల జాలిగా చూసింది. "అది పరీక్షలో రాదు టీచర్."

సాయంత్రం టీచరు ఇంటికెళ్ళి అత్తగారినీ అదే అడిగింది. ఆవిడ వాకిలి ఊడ్చి, చెత్తను పక్కింటి గుమ్మం వైపు తోస్తోంది. "మన వాకిట్లో ఉన్నంతసేపే అది చెత్త తల్లీ. గీత దాటాక వాళ్ళ ఖర్మ."

గైడు రాసినాయన ఈవిడకి చుట్టమై ఉంటాడనుకుంది టీచరు.

ఇక లాభం లేదని, మర్నాడు క్లాసు మొత్తాన్నీ చెత్తబండి వెనక నడిపించింది. బండి బజారు దాటి, బస్టాండు దాటి, ఊరంతా చుట్టి, చివరికి బడి వెనక గోడకి అవతల ఆగి, ఉన్నదంతా కుమ్మరించింది. అక్కడ తగలబడుతున్న పాత కుప్ప మీది పొగ గోడ దాటి, తిన్నగా వాళ్ళ క్లాసు కిటికీలోకే దూరుతోంది.

"రోజూ వచ్చే వాసన ఇదా టీచర్?" అంది ఫస్టు ర్యాంకు పిల్ల. "వెనక బెంచీ వాళ్ళదనుకున్నాను."

హెడ్మాస్టారు కబురంపారు. "పాఠం చెప్పండి, పరీక్ష పెట్టండి. అర్థమైందో లేదో చూడమని మిమ్మల్ని ఎవరడిగారమ్మా?"

"చెత్త మన గోడ వెనకే ఉందండీ."

ఆయన గంభీరంగా ఆలోచించారు. "అయితే గోడ ఎత్తు పెంచుదాం."

పెంచారు కూడా. తర్వాతి పరీక్షలో టీచరు ఒకే ప్రశ్న ఇచ్చింది: "గోడ ఎత్తు పెంచిన కాలుష్యము తగ్గునా? కారణములు రాయుము."

గైడు చేతులెత్తేసింది. సగంమంది తగ్గును అన్నారు. మిగతావాళ్ళు తప్పులతడకగా రాశారు గానీ, సొంతంగా రాశారు. ఫస్టు ర్యాంకు పిల్ల "పొగకి గోడంటే లెక్కలేదు, ఈ సంగతి హెడ్మాస్టారికి తప్ప అందరికీ తెలుసు" అని రాసి, భయమేసి రెండో ముక్క కొట్టేసింది.

కొట్టేసినదానికి మార్కులు వేయొచ్చా అని టీచరు కాసేపు ఆలోచించింది. వేసేసింది.